ఈ బస్సు అన్నిచోట్లా ఆగును

డిపో వెనక, స్పేరు టైర్ల గది

అక్కా,

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నొసలు ముడవకు. నాన్న పోయిన దగ్గర్నుంచి మనం ఫోన్లో మాట్లాడుకున్న ప్రతిసారీ ఇద్దరం ఒకేసారి మాట్లాడాం, ఇద్దరం ఒకేసారి పెట్టేశాం. ఉత్తరమైతే ఒకరు వాగుతున్నంతసేపూ రెండోవాళ్ళు నోరు మూసుకోక తప్పదు. నీకు ఇది కొత్తగా ఉంటుందని తెలుసు, అలవాటు చేసుకో.

విషయానికొస్తాను. నాన్న బస్సును తుక్కుకు వేస్తున్నారు. ఆ కాగితం మీద మా మేనేజరు సంతకం పెట్టబోతుంటే అడ్డం పడ్డాను. తుక్కుకు వేస్తే వేశారు, ఆఖరుగా ఒక్క ట్రిప్పు నాకివ్వండి అన్నాను. ఎందుకూ అన్నాడు. ఆ నిమిషాన నాకూ తెలీదు. నోటికొచ్చింది చెప్పేశాను. నాన్న గౌరవార్థం చందాల ట్రిప్పు వేస్తాం, వచ్చిన డబ్బుతో ఆస్పత్రివాళ్ళను పిలిపించి డిపోలో ఉన్న మగాళ్ళందరికీ ప్రోస్టేట్ కాన్సర్ రక్తపరీక్ష ఊరికే చేయిస్తాం అన్నాను. ప్రోస్టేట్ అనే మాట వినగానే ఆయన లేచి వెళ్ళి గది తలుపు వేసొచ్చాడు. గదిలో ఉన్నది మేమిద్దరమే. కాస్త మెల్లిగా మాట్లాడవయ్యా, అవతల ఆడవాళ్ళు పనిచేసుకుంటున్నారు అన్నాడు. టికెట్ల సెక్షన్లో ఆడవాళ్ళకు నలుగురైదుగురు పిల్లల్ని కని పెంచిన అనుభవం ఉంది, ఈయనకే బొత్తిగా ఏమీ తెలిసినట్టు లేదు.

మొత్తానికి ఒప్పుకున్నాడు. నాన్నంటే డిపోలో ఇంకా అంత పేరుంది మరి. ప్రైవేటు డిపో కాబట్టి డెబ్బైకి దగ్గరపడ్డా ఆయన్ని స్టీరింగు దింపలేదు కదా. నాన్‌స్టాప్ డ్రైవరు గారి కొడుకునంటే నాకు క్యాంటీన్లో టీ ఇప్పటికీ ముందు వస్తుంది. ఒకసారి ఎక్కించుకుంటే దిగాల్సిన చోట దించడమే తప్ప, దారిలో దేవుడు చెయ్యెత్తినా ఆపేవాడు కాదు కదా.

ఉండు, స్టవ్ మీద పాలు పెట్టాను, చూసొస్తాను.

వచ్చాను. పాలు బాగానే ఉన్నాయి. ఎక్కడున్నాను? ఆ, ఆపడం. చివరి ఏడాదిన్నర నాన్న ఊరికూరికే బస్సు ఆపి, టైరు గాలి చూసొస్తా అని దిగిపోయేవాడు గుర్తుందా. డిపోకు వచ్చి కంప్లయింటు ఇచ్చేవాడు, వెనక టైరు గాలి దిగుతోంది అని. తీసుకునేది మెకానిక్కు. మెకానిక్కు నేను. వాల్వులు మార్చాను, ట్యూబులు మార్చాను, ఒకసారి చక్రం మొత్తం విప్పి నీళ్ళలో ముంచి బుడగల కోసం కూర్చున్నాను. బుడగ రాలేదు. ఆయన ఒంట్లో కంప్లయింటుకు నేను ఏడాదిపాటు బస్సు టైర్లు రిపేరు చేశాను అక్కా. ప్రపంచంలో ఇంతకంటే గాలి నిండుగా ఉన్న బస్సు ఇంకోటి ఉండి ఉండదు.

అందుకని ఈ ట్రిప్పు. డిపో నుంచి చివరి స్టాపు దాకా, నాన్న నడిపినట్టే, ఎక్కడా ఆపకుండా నేనే నడుపుతాను. ఎక్కాలనుకున్నవాళ్ళు చందా ఇచ్చి ఎక్కుతారు. నువ్వు అచ్చాఫీసులో ఉన్నావు కాబట్టి పోస్టరు నీ నెత్తిన వేస్తున్నాను.

ఎవరో గేటు చప్పుడు చేస్తున్నారు, ఇప్పుడే వస్తా.

ఎవరూ లేరు. ఉంటాను.

నీ తమ్ముడు

*

అచ్చాఫీసు మేడమీద, ప్రూఫుల బల్ల

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం చేరింది. అక్షరాలు నట్లూ బోల్టులూ పారబోసినట్టున్నాయి కానీ ఆలోచన బాగుంది. నీకు ఆలోచన వచ్చిందంటే అమ్మ రెండుసార్లు చదివించుకుంది. రెండోసారి నవ్వింది. మోకాలి ఆపరేషన్‌కు నా దగ్గరికి వచ్చాక ఆవిడ నవ్వడం ఇదే మొదలు, కాబట్టి నీ మీద నాకున్న కోపంలో సగం మాఫీ.

మిగతా సగం ఇది. ఎక్కడా ఆపకుండా నడిపి నాన్నను ఏం గౌరవిస్తావురా? ఆపకపోవడం గొప్పని నలుగురూ భుజం తట్టబట్టే కదా, ఆపాల్సి వచ్చినప్పుడు ఆయనకు టైర్ల మీద ప్రేమ పుట్టింది. ఒంట్లో బాగాలేదన్న మాట అనడానికి సిగ్గు. ఎక్కడ బాగాలేదో చెప్పాలంటే మరీ సిగ్గు. చివరికి డ్రైవరు సీట్లోంచి తనంతట తాను దిగలేకపోయిన రోజున కదా మనకు తెలిసింది. అప్పటికి ఎముకలకు పాకిపోయింది.

అందుకని నా మాట విను. బస్సు ఆపు. ఆ ఏడాదిన్నరలో ఆయన టైర్లు చూడ్డానికి ఎక్కడెక్కడ దిగాడో అక్కడల్లా ఆపు. ఒక్కో స్టాపునూ ఒక్కొక్కరికి అమ్మెయ్. చందా ఇచ్చినవాళ్ళ పేరు అక్కడ బోర్డు మీద రాయించు. ఎక్కడెక్కడో కండక్టరు బాబాయికి తెలుసు. టైరు గాలి చూస్తున్నారు, అయిదు నిమిషాలు అని ప్రయాణికులకు చెప్పి చెప్పి ఆయన గొంతు అరిగిపోయింది పాపం.

పోస్టరు నేను వేయిస్తాను. డబ్బులడగను. కానీ ఒకటి అడుగుతాను. ఆస్పత్రివాళ్ళు పంచే కరపత్రం మా దగ్గరే అచ్చవుతోంది, ప్రూఫు నేనే దిద్దాను. తండ్రికి వస్తే కొడుక్కి వచ్చే అవకాశం మామూలుకంటే ఎక్కువని అందులో ఉంది. యాభై దాటినవాడివి. పెళ్ళీ పెటాకులూ లేకుండా ఒంటరిగా ఉన్నావు, పట్టి లాక్కెళ్ళే మనిషి లేదు. ఊరందరికీ పరీక్ష చేయిస్తానంటున్నావు సరే, నువ్వు చేయించుకున్నావా? అవును, లేదు, ఈ రెంటిలో ఏదో ఒక మాటతో జవాబు రాయి.

అక్క

*

ఇంటి దగ్గర, వసారా

అక్కా,

నీ బుర్ర నాన్నకు వచ్చి ఉంటే ఆయన డిపో మేనేజరయ్యేవాడు. ఆపే బస్సు అనగానే అందరూ ఎగబడుతున్నారు.

కండక్టరు బాబాయిని టీ తాగించడానికి పిలిచి అడిగాను. కళ్ళు మూసుకుని, డిపో దగ్గర మొదలుపెట్టి వరసగా చెప్పుకుంటూ పోయాడు. సిమెంటు గోదాము వెనక. పెట్రోలు బంకు దాటాక తూము. తూకం కాటా షెడ్డు. మూసేసిన సోడా ఫ్యాక్టరీ గోడ. ఒక్కో పేరు చెప్పి ఒక్కో గుక్క తాగాడు. అయిపోయాక కప్పు కింద పెట్టి, నేను అబద్ధాలు బాగా చెప్తానురా, మీ నాన్న నన్ను అందుకే దగ్గర ఉంచుకున్నాడు అన్నాడు. నవ్వుతున్నాడనుకున్నాను. చూస్తే లేదు.

సోడా ఫ్యాక్టరీ గోడను టీ బంకు ఆవిడ కొంది. బేరం లేదు. ఆయన్ని ఆ గోడ దగ్గరికి తరిమింది నా టీయే కాబట్టి దాని మీద హక్కు నాదే అంది. ఆ గోడే కావాలని పెట్రోలు బంకాయన రెట్టింపు ఇస్తానన్నాడు. ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. ఒక మనిషి ఒంటికి పోయిన గోడ కోసం ఇద్దరు పెద్దమనుషులు కొట్టుకోవడం చూస్తే నాన్న ఎంత పొంగిపోయేవాడో.

మేనేజరుతోనే చిక్కు. పోస్టరు మీద ఆ గ్రంథి పేరు ఉండకూడదట. పురుషుల అంతర్గత సమస్య అని వేద్దామంటాడు. అంతర్గత సమస్య అంటే ఇంట్లో భార్యతో గొడవలనుకుంటారండీ, డిపో మొత్తం వచ్చి లైను కడుతుంది అన్నాను. నవ్వలేదు. పోనీ నడుము కింది భాగపు ఆరోగ్యం అన్నాడు. మోకాళ్ళకు అనుకుని అమ్మ వస్తుందన్నాను. ఆయన అవస్థ చూడాలి నువ్వు. చూపుడు వేలితో గాల్లో అక్కడా ఇక్కడా చూపిస్తాడు, ఎక్కడ ఆపాలో తెలీక మళ్ళీ జేబులో పెట్టుకుంటాడు.

కుక్క మొరుగుతోంది, చూసొస్తాను.

ఏమీ లేదు, పిల్లిని చూసి. నా సంగతి అడిగావు. నాకేం, దుక్కలా ఉన్నాను. నిన్న గేరు బాక్సు ఒక్కణ్ణే దించాను. ట్రిప్పు పని తెమిలితే అప్పుడు తీరిగ్గా చూసుకుందాం. ఇప్పుడు బస్సు ఇంజను తెరిచి ఉంది, నా తిండికే టైము లేదు.

కరెంటు పోయింది. ఫ్యూజు చూసొస్తా.

వచ్చాను. బాబాయి ఆ రోజు మళ్ళీ కండక్టరు యూనిఫాం వేసుకుంటానంటున్నాడు. బొత్తాలు పట్టవు, అయినా వేసుకుంటాడట. పోస్టరు తొందరగా పంపు.

ఉండు, మళ్ళీ కుక్క.

తమ్ముడు

*

అచ్చాఫీసు మేడమీద

ఒరేయ్,

పోస్టర్ల కట్ట వేరే పార్సిల్లో పంపాను. పైన పెద్దక్షరాల్లో "ఈ బస్సు అన్నిచోట్లా ఆగును" అని ఉంటుంది. కింద నాన్న ఫోటో. దాని కింద ప్రోస్టేట్ కాన్సర్ అని, ఎంత దూరం నుంచైనా కనపడేలా. మీ మేనేజరు అడిగితే మా అక్కకు చెప్పాను, ఆవిడ వినలేదు అను. నిజంగానే వినలేదు.

ఇక నీ ఉత్తరం. ఇరవై ఏడేళ్ళుగా ఇతరుల రాతలో తప్పులు పట్టి బతుకుతున్నదాన్ని, కళ్ళు ఊరికే ఉండవు. ఎర్ర పెన్ను తీసుకుని నీ రెండు ఉత్తరాలూ దిద్దాను.

మొదటి ఉత్తరం టైర్ల గదిలో రాశావు. టైర్ల గదిలో స్టవ్ ఎక్కడిదిరా? పాలెక్కడివి? డిపో వెనక గేటుకు తాళం వేసి పదేళ్ళయింది, దాన్ని చప్పుడు చేసింది ఎవరు? రెండోది ఇంట్లో రాశావు. కరెంటు పోయిందన్నావు. పోకముందు రాసిన వాక్యానికీ వచ్చాక రాసిన వాక్యానికీ మధ్య ఏమీ జరగలేదన్నట్టు పట్టపగలు వసారాలో కూర్చుని రాశావు, ఎండ పడి సిరా అక్కడక్కడా వెలిసింది కూడా. వసారాలో లైటే లేదు.

నీకు కుక్క లేదు.

ఒక్క ఉత్తరం రాయడానికి మూడుసార్లు లేచావు. లేచి ఎక్కడికి పోయావో నాకు తెలుసు. మాటల కోసం తడుముకోవడం చేతకాదు నీకు, కుక్క అని రాసేశావు. నాన్న టైర్లు అన్నాడు. ఈ ఇంట్లో మగాళ్ళు ఒంటికి పోతున్నామని చెప్పడానికి బదులు ఊళ్ళో జంతువులన్నిటినీ పెంచుకునేలా ఉన్నారు.

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. కుక్క దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చెయ్యెత్తి ఆపింది. వాడి టైర్లేమన్నా పాడయ్యాయేమో కనుక్కో అంది. తర్వాత గోడవైపు తిరిగి పడుకుంది. కాఫీ ఇస్తే తాగలేదు.

నాకు భయంగా ఉందిరా. సరదాగా రాద్దామని కూర్చున్నాను, చేతకావడం లేదు. ట్రిప్పు దాకా ఆగొద్దు. రేపే వెళ్ళు.

అక్క

*

డిపో

అక్కా,

ఉత్తరాలు రాసేది చదువుకోడానికి, ప్రూఫులు దిద్దడానికి కాదు. నా పాలూ నా కుక్కా నా ఇష్టం. యాభై దాటిన ప్రతివాడూ లేస్తాడు. దానికి అమ్మను కూడా ఏడిపించాలా?

పోస్టర్లు అందాయి. బాగున్నాయి. మేనేజరు ప్రోస్టేట్ మీద క్యాలెండరు వేలాడదీశాడు.

ఈ ఉత్తరం రాస్తూ ఒక్కసారి కూడా లేవలేదు. దిద్దుకో.

తమ్ముడు

*

ఇంట్లో, అమ్మ మంచం పక్కన

తమ్ముడూ,

దిద్దాను. అర పేజీ రాయడానికి ఎవరూ లేవక్కర్లేదు. నిండు పేజీ రాసి చూపించు, ఒప్పుకుంటాను.

నువ్వు అమ్మను ఏడిపించానన్నావు, నిజమే, చదివి వినిపించి ఉండాల్సింది కాదు. అయితే ఆవిడ ఏడవలేదు. తిట్టింది. నిన్ను కాదు, నాన్నను. ఏడాది దాటింది కదా, ఇంకా ఒక్క తిట్టు కూడా బాకీ ఉంచుకోకూడదన్నట్టు పొద్దుటినుంచీ మొదలుపెట్టింది. యాభై ఏళ్ళకు పైగా పక్కన పడుకున్నదాన్ని, నాతో చెప్పడానికి సిగ్గా, నేనేమన్నా పక్క డిపో నుంచి వచ్చానా అంది. నాకు నవ్వొచ్చింది, ఆవిడకూ వచ్చింది.

ట్రిప్పుకు నేను రాలేను. అమ్మను లేపి నడిపించడానికి ఇంట్లో ఇంకో మనిషి లేదు. నువ్వు బస్సు నడుపుతుంటే నాన్న సీటు వెనక కూర్చోవాలని ఎంత ఉందో నీకు చెప్పను, చెబితే ఎగిరిపడతావు. చిన్నప్పుడు ఆ సీటు కోసం నువ్వు నన్ను కొరికావు. మచ్చ ఇంకా ఉంది.

చివరి స్టాపులో ఆస్పత్రివాళ్ళు బల్ల వేసుకుని కూర్చుంటారని పోస్టరు మీద వేయించాను కదా. అక్కడ మొట్టమొదట చెయ్యి చాపేది నువ్వే కావాలి. ఇది తప్ప ఇంకేమీ అడగను. కుక్క గురించి కూడా ఎత్తను.

అక్క

*

ఇంటి దగ్గర, మంచం మీద

అక్కా,

అయిపోయింది. మొత్తం చెబుతాను, నన్ను మధ్యలో ఆపకు.

బస్సు స్టార్టయింది, అదే ఒక వింత. కండక్టరు బాబాయి యూనిఫాం వేసుకొచ్చాడు. బొత్తాలు పట్టక పైన తువ్వాలు కప్పుకున్నాడు. మేనేజరు కూడా ఎక్కాడు, ముందు సీట్లో, మొహం కిటికీలోకి పెట్టుకుని. బస్సు పక్కన నీ పోస్టరు అంత పొడుగున అంటించాం మరి, దాని వెనక కూర్చుంటే కనపడనని అనుకున్నట్టున్నాడు. సీట్లు చాలక చాలామంది నిలబడ్డారు.

అన్నిచోట్లా ఆపాను. గోదాము దగ్గర కూలీలు జేబుల్లో ఉన్నదంతా దులిపి వేశారు. తూము దగ్గర పెట్రోలు బంకాయన చిన్న స్టూలు ఎక్కి ఉపన్యాసం మొదలుపెట్టాడు. నాన్‌స్టాప్ గారు మహానుభావుడు, ఈ తూముకు ఆయన చేసిన సేవ అంటూ పోతుంటే జనం పడీపడీ నవ్వారు. ఆయనకు ఎందుకో అర్థం కాలేదు, అయినా వచ్చి బస్సెక్కాడు. సోడా ఫ్యాక్టరీ గోడకు టీ బంకు ఆవిడ సున్నం కొట్టించింది. అందరికీ టీ పోసింది. నాకు రెండు కప్పులు పోసింది, డ్రైవరునని. తర్వాత తనూ బస్సెక్కింది.

ఆ రెండు కప్పులతోనే వచ్చింది తంటా. అప్పటికే నా పని అయిపోయింది అక్కా. ప్రతి స్టాపులోనూ జనం, ఫోటోలు, చేతులు కలపడాలు. అన్నిచోట్లా ఆగే బస్సుకు డ్రైవరును నేను, నాకు మాత్రం ఎక్కడా దిగే వీల్లేదు. సోడా ఫ్యాక్టరీ దాటి, కాలవ గట్టు ఎక్కేసరికి చెమటలు పట్టాయి. అక్కడ స్టాపు లేదు. బాబాయి చెప్పిన వరసలో అది లేనే లేదు. పళ్ళు బిగబట్టాను. కుదరలేదు. బస్సు పక్కకు తీసి ఆపేశాను.

వెనక్కి తిరిగి ఏమన్నానో తెలుసా? టైరు గాలి చూసొస్తా అన్నాను.

ఆ మాట నేను అనుకుని అన్నది కాదు. నోట్లోంచి వచ్చేసింది, అదే గొంతుతో. బాబాయి డబ్బుల డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. టక్కున లేచి నిలబడి, పాత అలవాటు కదా, టైరు గాలి చూస్తున్నారు, అయిదు నిమిషాలు అని గట్టిగా అరిచాడు. అరిచి, నా మొహం చూసి, మళ్ళీ కూర్చుండిపోయాడు.

నేను దిగిపోయాను. వెనక చక్రం పక్కన పని కానిచ్చుకుని, నిజంగానే ఆ టైరు మీద చెయ్యి వేసి నిలబడ్డాను. గాలి బాగానే ఉంది. నేనే కదా పట్టింది. చక్రం విప్పి బుడగల కోసం కూర్చున్న రోజు గుర్తొచ్చింది. నాన్న ఆ రోజు నా పక్కనే నిలబడి చూశాడు. ఒక్క మాట చెబితే అయిపోయేది. నేను నిన్నూ అమ్మనూ ఏ స్థితిలో పెట్టానో అక్కడ, ఆ టైరు దగ్గర తెలిసొచ్చింది.

బాబాయి కూడా దిగి వచ్చాడు. తువ్వాలు బస్సులోనే వదిలేశాడు, బొత్తాలు ఊడి పొట్ట కనపడుతోంది. నా పక్కన నిలబడి టైరు వంక చూస్తూ అన్నాడు: "మీ నాన్న విషయంలో నోరు మూసుకున్నాను. నీ విషయంలో మూసుకోను."

బతిమాలేలోపే బస్సెక్కేశాడు. బయట నాకు వినపడేలా చెప్పాడు: "టైర్లన్నీ బాగున్నాయి. డ్రైవరు ఒంటికి పోయాడు. చివరి స్టాపులో అందరికంటే ముందు రక్తం ఇవ్వాల్సినవాడు వాడే. ఇంకెవరికన్నా టైర్లు చూసుకోవాలని ఉంటే సిగ్గుపడకుండా దిగండి."

నేను భూమిలోకి కూరుకుపోదామనుకున్నాను. అప్పుడు ముందు తలుపులోంచి ఒకాయన దిగాడు. మా మేనేజరు. నా వంక చూడకుండా, చొక్కా సర్దుకుంటూ, గట్టు దిగి పొదల వెనక్కి నడిచాడు. ఆయన వెనక ఇద్దరు డ్రైవర్లు. తర్వాత పెట్రోలు బంకాయన. ఆ తర్వాత నేను లెక్కపెట్టలేదు. బస్సులో సగం మంది మగాళ్ళు కాలవ గట్టు పొడుగునా వరసగా నిలబడ్డారు. బస్సులో ఆడవాళ్ళు అటువైపు కిటికీలు వేసుకుని విరగబడి నవ్వుతున్నారు. టీ బంకు ఆవిడ కిటికీలోంచి డబ్బా బయటపెట్టి, ఈ స్టాపు ఊరికే కాదు, అందరూ చందా వెయ్యాలి అంది. వేశారు. ఆ రోజంతా వచ్చినదాంట్లో ఎక్కువ వచ్చింది ఆ గట్టు మీదే. చివరి స్టాపులో ఆస్పత్రివాళ్ళ బల్ల దగ్గర మొట్టమొదట చెయ్యి చాపింది నేను. రెండోది మేనేజరు. సూది గుచ్చుతుంటే ఆయన కళ్ళు మూసుకుని, ప్రోస్టేట్ అని స్పెల్లింగు చెప్పాడు నర్సుకి.

ఇన్నాళ్ళూ ఎందుకు వెళ్ళలేదంటావా? నాన్న ఆఖరి నెలలు దగ్గరుండి చూసింది నేను. ఒళ్ళు తిప్పడానికి కూడా ఎముకలు సహకరించేవి కావు ఆయనకు. పరీక్ష చేయించుకుంటే అది నాకూ ఉందని చెబుతారేమోనని భయం. అంతే. కుక్క ఏమీ లేదు.

ఫలితాలు వచ్చే వారం.

తమ్ముడు

*

అచ్చాఫీసు

ఒరేయ్,

నీ ఉత్తరం అమ్మకు చదివాను, ఈసారి ఆవిడే అడిగింది. గట్టు మీద వరస దగ్గర మూడుసార్లు చదివించుకుంది. మేనేజరు చొక్కా సర్దుకోవడం ఆవిడకు బాగా నచ్చింది. కండక్టరు బాబాయికి నేను విడిగా ఉత్తరం రాశాను. ఏం రాశానో నీకెందుకు.

ఆ బల్ల దగ్గర నువ్వు చెయ్యి చాపావని చదివాక మేడమీద ఒక్కదాన్నే కాసేపు కూర్చున్నాను. ఇక్కడ పనివాళ్ళు ఎర్రకళ్ళు చూసి సిరా ఘాటనుకున్నారు.

ఏది వచ్చినా వెంటనే రాయి. ఫోన్ చేసినా పరవాలేదు, నేను నోరు మూసుకుంటాను.

అక్క

*

ఆస్పత్రి, వరండా బెంచీ

అక్కా,

ఫోన్ చేద్దామనుకున్నాను. నువ్వు నోరు మూసుకుంటానన్నావు చూడు, దానికి భయమేసి రాస్తున్నాను.

రక్తంలో లెక్క ఎక్కువ చూపించింది. ముక్క తీసి చూశారు. ఉంది అక్కా.

ఇక్కడ లేచాను. ఒంటికే.

డాక్టరు చిన్నపిల్ల. పేపరు మీద బొమ్మ గీసి చూపించింది. ఆ గ్రంథి దాటి ఎక్కడికీ పోలేదట, చిన్నగా ఒక మూల ఉందట. ఆపరేషన్ చేసి తీసేస్తే అయిపోతుందని, నెలలో చేద్దామని అంది. నాన్న సంగతి చెప్పాను. అది ఇంకో దశ, ఇది ఇంకో దశ అంది. పదే పదే లేవడం గురించి అడిగాను. అది వయసుతో చాలామందికి ఉండేదే, దానికీ దీనికీ సంబంధం లేకపోవచ్చు కూడా, కానీ దాని మూలంగానే మీరు నా దాకా వచ్చారు కదా అంది. అంటే కుక్క ఉత్త పుణ్యానికే మొరగలేదన్నమాట.

మేనేజరుకు ఏమీ లేదు. ఆ సంతోషంలో క్యాలెండరు తీసేశాడు. పోస్టరు ఇప్పుడు గోడ నిండా కనపడుతోంది. డిపోలో పనిచేసే ఇంకో డ్రైవరుకు కూడా మొదట్లోనే దొరికింది. వాడు నాకంటే చిన్నవాడు, నన్ను చూసి నవ్వుతున్నాడు. ఇద్దరికీ ఆపరేషన్ ఒకే వారం.

ఇక్కడ మళ్ళీ లేచాను. బాత్రూం వరండా చివర ఉంది.

బస్సును తుక్కుకు పంపేశారు. వెనక టైరు ఒకటి అడిగి పుచ్చుకున్నాను. వసారాలో పెట్టాను. దాని మీద కూర్చోవచ్చు. అమ్మ నడవగలిగితే చూడ్డానికి రమ్మను. చూడాల్సింది ఏమీ లేదు, టైరే. కానీ ఆ బల్ల దగ్గర చెయ్యి చాపినప్పుడు నువ్వు పక్కన ఉంటే బాగుండేదనిపించింది. ఆపరేషన్ ముందు రోజు వస్తావా? అడగడం నాకు చేతకాదు, నీకు తెలుసు. అందుకని దీన్ని అడిగినట్టే లెక్క వేసుకో.

లేచాను. మూడోసారి. ఎక్కడెక్కడ లేచానో అన్నీ రాశాను.

తమ్ముడు

*

బస్టాండు, టికెట్ల కిటికీ పక్కన నిలబడి

తమ్ముడూ,

ఎర్ర పెన్ను పట్టుకుని నీ ఉత్తరం మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు చదివాను. దిద్దడానికి ఏమీ దొరకలేదు.

ఆపరేషన్ ముందు రోజు దాకా ఆగడం నా వల్ల కాలేదు. ఈ ఉత్తరమూ మేమూ ఒకే బస్సులో వస్తున్నాం, ఏది ముందు దిగితే అది. అమ్మ కర్ర పట్టుకుని డ్రైవరు వెనక సీట్లో అప్పుడే కూర్చుంది. బస్సు ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపాలని డ్రైవరుకు గట్టిగా చెప్పింది. ఎందుకని ఆయన అడిగితే, టైర్లని కాదు, ఒంటికని నిజం చెప్పింది.

అక్క